సాంచా తిప్పే ముందు తెలియాల్సిన చట్టం: అపోహలు – వాస్తవాలు

సూరత్‌కు దక్షిణాన, ముంబై వెళ్లే రైలు మార్గం మీద ఉన్న సచిన్ 1948 దాకా సిద్దీ నవాబుల చిన్న సంస్థానం. ఇప్పుడా పేరు వింటే గుర్తొచ్చేది జీఐడీసీ (గుజరాత్ పారిశ్రామిక అభివృద్ధి సంస్థ) పారిశ్రామికవాడ. సాంచాల (మరమగ్గాల) షెడ్లు, డైయింగ్ మిల్లులు, రసాయన కర్మాగారాలు అక్కడ పక్కపక్కనే ఉంటాయి. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి నేతపని మీద సూరత్ చేరిన తెలుగు కుటుంబాలు ఎన్నో. వాళ్ల పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది.

కూలికి సాంచా నడిపినంత కాలం వారం చివర చేతికొచ్చే డబ్బే లెక్క. సొంత సాంచాలు పెట్టుకున్న రోజు నుంచి బిల్లు, చెక్కు, జామీను, భాగస్వామ్యం వచ్చి పడతాయి. వీటి గురించి బజారులో అందరూ చెప్పుకునే మాటల్లో చాలావరకు తప్పులే. నష్టం తెచ్చే కొన్నిటిని ఇక్కడ చూద్దాం.

అపోహ 1: నోటిమాట మీద జరిగిన బేరానికి కోర్టులో విలువ లేదు.

వాస్తవం: ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఒకరు ప్రతిపాదించి, ఇంకొకరు ఒప్పుకొని, ప్రతిఫలం ఉండి, పని చట్టబద్ధమైనదైతే ఒప్పందం కుదిరినట్టే. కొన్ని రకాల ఒప్పందాలకు తప్ప రాతపూర్వకంగా ఉండాలన్న నియమం లేదు. చిక్కంతా రుజువు దగ్గర వస్తుంది. బేరం ఎంతకు కుదిరిందో, మాల్ ఎప్పుడు చేరిందో చూపించాల్సింది డబ్బు అడిగేవాడే.

అందుకే డెలివరీ చలాన్‌ను చిత్తుకాగితంలా చూడకూడదు. తేదీ, క్వాలిటీ, తాకాల (బట్ట చుట్టల) సంఖ్య, మీటర్లు, రేటు, అందుకున్నవాళ్ల సంతకం, దుకాణం ముద్ర ఉన్న చలాన్ మంచి సాక్ష్యం. ‘మాల్ అందింది’ అని రాసి కింద గీత గీసిన చలాన్‌తో మాత్రం ఆ గీత ఎవరిదో తేల్చడానికే ఏళ్లు పడతాయి. వాట్సాప్ సందేశాలు కూడా సాక్ష్యమే. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం వాటి ప్రింటుతో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. ఫోన్ మార్చేటప్పుడు పాత చాట్‌లు పోకుండా చూసుకోండి.

అపోహ 2: మజూరీ (నేత కూలి) ఇవ్వకపోతే నేతవాడు సేటు మాల్ అమ్ముకుని డబ్బు పట్టుకోవచ్చు.

వాస్తవం: ఆపుకోవచ్చు గానీ అమ్ముకోకూడదు. సేటు నూలు ఇస్తాడు, మీరు నేసి గ్రే బట్ట తిరిగి ఇస్తారు. నూలు మీ షెడ్డులో ఉన్నా దాని యజమాని సేటే. చట్టంలో దీన్ని బెయిల్‌మెంట్ అంటారు. పనితనం పెట్టి వస్తువును మార్చినవాడికి తన కూలి అందేదాకా దాన్ని అప్పగించకుండా ఉంచుకునే హక్కును కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇచ్చింది. దీని పేరు లీన్. డబ్బు తర్వాత ఇస్తానన్న షరతుకు ముందే ఒప్పుకుని ఉంటే ఈ హక్కు వాడుకోవడం కష్టం.

దీనికి రెండు హద్దులున్నాయి. ఏ మాల్ మీద పని చేశారో దాన్నే ఆపాలి. నిరుటి బాకీ కోసం ఈ నెల మాల్ ఆపాలంటే ముందే అలా ఒప్పందం ఉండాలి. ఇక ఆపిన మాల్‌ను సొంతంగా అమ్మితే బాకీ రావలసినవాడే నమ్మకద్రోహం కేసులో ఇరుక్కుంటాడు.

షెడ్డులో మంటలు లేచి సేటు నూలు కాలిపోతే మొత్తం నేతవాడే కట్టాలనడం కూడా సరికాదు. మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకుని ఉంటే, వేరే ఒప్పందం లేనంతవరకు బాధ్యత ఉండదని 151, 152 సెక్షన్లు చెబుతున్నాయి. జాగ్రత్త తీసుకున్నట్టు చూపించాల్సింది మీరే. వైరింగ్ బాగుచేయించిన బిల్లు, మంటలు ఆర్పే సిలిండర్ నింపించిన రసీదు ఆ రోజున పనికొస్తాయి.

అపోహ 3: బేరం కుదిర్చింది దలాల్ కాబట్టి పార్టీ ఎగ్గొడితే దలాలే కట్టాలి.

వాస్తవం: మామూలుగా కట్టనక్కర్లేదు. దలాల్ ఏజెంటు మాత్రమే. ఎవరి తరఫున బేరం చేశాడో వాళ్లే దానికి కట్టుబడాలన్నది కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్. అసలు కొనుగోలుదారు పేరు దాచిపెట్టి బేరం చేసినప్పుడు, లేదా ‘పార్టీ ఇవ్వకపోతే నేనిస్తా’ అని తానే పూచీ పడినప్పుడు దలాల్‌ను పట్టుకోవచ్చు. దలాల్ అలా పూచీ పడితే ఆ ముక్క రాయించుకోండి. బిల్లు మాత్రం దలాల్ పేరు మీద వద్దు, కొన్న సంస్థ పేరు, జీఎస్టీ నంబరుతో ఉండాలి.

అపోహ 4: కొత్త చట్టం వచ్చింది, ఎవరికైనా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాల్సిందే.

వాస్తవం: ఇందులో మూడు తప్పులున్నాయి. మొదటిది, చట్టం కొత్తది కాదు. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు చెల్లింపు గడువు పెట్టింది 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టమే. 2024లో సూరత్ బజారులో అలజడి రేపింది ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన 43బి(హెచ్). గడువు దాటి చెల్లించిన సొమ్మును కొనుగోలుదారు కొన్న ఏడాది ఖర్చులో చూపలేడు, చెల్లించిన ఏడాదే చూపాలి.

రెండోది, 45 రోజులు గరిష్ఠ పరిమితి. రాతపూర్వక ఒప్పందం ఉంటేనే ఆ 45. లేకపోతే 15 రోజులే. నోటిమాట మీద 90 రోజుల ధారాకు (ఉధారీ గడువుకు) తలూపినా చట్టం దృష్టిలో గడువు 15 రోజులే.

మూడోది, ఇది అందరికీ వర్తించదు. అమ్మేవారు ఉద్యమ్ (ఎంఎస్ఎంఈల నమోదు పోర్టల్) నమోదు ఉన్న సూక్ష్మ లేదా చిన్న సంస్థ అయి, వస్తువు తయారు చేయాలి లేదా సేవ అందించాలి. మధ్యతరహా సంస్థకు ఈ రక్షణ లేదు. కొని అమ్మే వ్యాపారికి ఉద్యమ్ నంబరు ఉన్నా అది బ్యాంకు రుణాల వరకే. సాంచాలు నడిపే మీరు తయారీదారు కింద వస్తారు. సూరత్ రింగ్ రోడ్డు బట్టల బజారులోని దుకాణదారు మీ దగ్గర కొన్నప్పుడు గడువు పాటించాలి, అదే దుకాణదారు తాను అమ్మినదానికి ఈ గడువు అడగలేడు.

గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ లెక్కన పడుతుంది. ఇవ్వకపోతే ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్‌లోనే వెళ్లొచ్చు. కౌన్సిల్ తీర్పును కొనుగోలుదారు కోర్టులో సవాలు చేయాలంటే ముందు 75 శాతం సొమ్ము జమ చేయాలి.

నేతవాళ్లను ఎక్కువగా బాధపెట్టే ‘దాగు’ (బట్టలో లోపం) పేరిట బిల్లులో కోతకూ ఇక్కడే జవాబుంది. మాల్‌లో లోపం ఉంటే అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పాలి. అలా చెప్పకపోతే మాల్ అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క, గడువూ ఆ రోజు నుంచే నడుస్తుంది. మూడు నెలలకు బిల్లు అడిగితే అప్పుడు దాగుంది అంటూ కోసేవాళ్లకు ఈ నియమం చూపించండి.

అపోహ 5: సెక్యూరిటీ కోసం ఇచ్చిన ఖాళీ చెక్కుతో కేసు నడవదు.

వాస్తవం: నడుస్తుంది. సంతకం పెట్టి ఇచ్చిన చెక్కులో మిగతా వివరాలు వేరేవాళ్లు నింపినా, అది బాకీ కిందే ఇచ్చారని చట్టం ముందుగా భావిస్తుందని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాదని చూపించాల్సిన భారం సంతకం పెట్టినవారిదే. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ.

చెక్కు పుచ్చుకున్నవారూ తేదీలు దాటనివ్వకూడదు. చెక్కును 3 నెలల్లోపు బ్యాంకులో వేయాలి. తిరిగొచ్చిందని తెలిసిన 30 రోజుల్లో రాతపూర్వక నోటీసు పంపాలి. అది అందాక 15 రోజులు ఆగాలి. అప్పటికీ డబ్బు రాకపోతే నెలలోపు ఫిర్యాదు వేయాలి. ‘వచ్చే వారం ఇస్తా’ అన్న మాట నమ్మి 30 రోజులు దాటనిస్తే ఆ నోటీసు చెల్లదు.

ఇంకో సంగతి. లక్ష రూపాయల చెక్కు మీ దగ్గరుండగా అందులో 40 వేలు ముట్టాయనుకుందాం. లక్షకే చెక్కు వేస్తే కేసు నిలవదు. గుజరాత్ నుంచి వెళ్లిన ఒక కేసులో 2022లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ముట్టినంత చెక్కు మీద రాయాలి, లేదా మిగిలిన 60 వేలకు కొత్త చెక్కు తీసుకోవాలి.

అపోహ 6: బాకీ ఎన్నేళ్లయినా బాకీయే.

వాస్తవం: లోకరీతిలో అంతే గానీ దావాకు గడువుంది. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం అమ్మిన సరుకు సొమ్ముకు మూడేళ్లు. ఉధారీ గడువు పెట్టుకుంటే అది ముగిసిన రోజు నుంచి, పెట్టుకోకపోతే సరుకు అందిన రోజు నుంచి లెక్క. ఎన్నిసార్లు దుకాణం మెట్లెక్కినా, ఫోన్ చేసినా ఆ మూడేళ్లు పెరగవు. గడువులోపే ‘ఇంత బాకీ ఉన్నాను’ అని అవతలివారు రాసి సంతకం పెడితే కొత్తగా మూడేళ్లు మొదలవుతాయి. ఏటా మార్చిలో ఖాతా నిల్వ రాయించి సంతకం తీసుకుంటే ఈ బెడద ఉండదు.

అపోహ 7: ఐపీ (దివాలా పిటిషన్) పెడితే అప్పులన్నీ పోతాయి.

వాస్తవం: అంత తేలిక కాదు. సూరత్ లాంటి చోట వ్యక్తుల దివాలా పిటిషన్లు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం కిందే నడుస్తాయి. కోర్టు దివాలా ప్రకటిస్తే ఆస్తి కోర్టు చేతికి, లేదా అది నియమించిన రిసీవర్ చేతికి వెళ్తుంది. కొద్దికాలం ముందు బావమరిది పేర రాసిన ఇల్లు, ఒక్క అప్పులవాడికే కట్టిన సొమ్ము తిరగదోడే వీలుంది. మోసంతో చేసిన అప్పు విడుదల ఉత్తర్వు వచ్చినా పోదు. జామీను పడ్డవాడూ తప్పించుకోలేడు. అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీనుదారు బాధ్యతా అంతే. ముందు అసలువాడిని అడగండి అని బ్యాంకుకు చెప్పే హక్కు అతనికి లేదు.

అపోహ 8: నా వాటా వరకే నా బాధ్యత. వ్యాపారం వదిలేశాక అదీ లేదు.

వాస్తవం: 1932 నాటి భాగస్వామ్య చట్టంలో ప్రతి భాగస్వామి సంస్థ అప్పు మొత్తానికీ బాధ్యుడే. నాలుగో వంతు వాటా ఉన్నవాడి ఇంటిమీదకైనా మొత్తం బాకీ కోసం రావచ్చు. విడిపోతే బహిరంగ ప్రకటన ఇవ్వాలి. ఇవ్వకపోతే తర్వాత సంస్థ చేసే అప్పులూ మెడకు చుట్టుకుంటాయి. సంస్థను రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు చేయకపోతే బాకీ కోసం బయటివాళ్ల మీద దావా వేయడం కుదరదు, వాళ్లు మాత్రం మీ మీద వేయవచ్చు. జీఎస్టీ నంబరు ఈ నమోదుకు బదులు కాదు.

అపోహ 9: వ్యర్థాలు ట్యాంకర్‌కు ఎక్కించి డబ్బు ఇచ్చేస్తే మన బాధ్యత తీరింది.

వాస్తవం: తీరదు. డైయింగ్, రసాయన పనిలోకి దిగేవాళ్లకు ఇది ముఖ్యం. 2022 జనవరి 6 తెల్లవారుజామున సచిన్ జీఐడీసీలో ట్యాంకర్ నుంచి కాలువలోకి వదిలిన రసాయన వ్యర్థాల వల్ల విషవాయువు పుట్టి, ఆరుగురు కార్మికులు చనిపోయారు. ఇరవై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. ప్రమాదకర వ్యర్థాలపై 2016 నాటి నిబంధనల ప్రకారం, వాటిని సరిగా వదిలించకపోతే కలిగే నష్టానికి పుట్టించిన కర్మాగారం, శుద్ధిచేసే కేంద్రం రెండూ బాధ్యత వహించాలి. వ్యర్థాలు ఎక్కడ దిగాయో చూపే మానిఫెస్ట్ ప్రతి తిరిగి వచ్చేదాకా కర్మాగారం పని అయినట్టు కాదు.

చట్టం తెలియదన్న సాకును ఏ కోర్టూ ఒప్పుకోదు. అలాగని ప్రతిదానికీ వకీలు దగ్గరికి పరుగెత్తాల్సిన పని లేదు. కొత్త పార్టీకి మొదటి తాకా పంపే ముందే రేటు, గడువు, కొనేవారి అసలు పేరు కాగితం మీద పెట్టించండి, చలాన్ మీద సంతకం, ముద్ర తీసుకోండి. గొడవ ముదిరి వకీలు ఖర్చు భరించలేని స్థితి వస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు అక్కడ ఉచితంగా వకీలును ఇస్తారు.