ప్రజారోగ్యంలో పీహెచ్‌డీ: సంస్థ కంటే ముందు ప్రశ్నను ఎంచుకోండి

ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ జిల్లాలో, బైలాడీలా కొండల పక్కనే ఉన్న గనుల పట్టణం బచేలి. ఇక్కడ తవ్విన ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో విశాఖపట్నం వైపు వస్తుంది. గనుల్లో పనికోసం వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు పట్టణంలో ఉంటే, చుట్టూ గోండి, హల్బీ మాట్లాడే పల్లెలున్నాయి. ప్రజారోగ్యంలో పీహెచ్‌డీ ఎక్కడ చేయాలని ఆలోచించేవారికి ఈ ప్రాంతం ఒక మంచి ఉదాహరణ. ఒకే చోట కనీసం మూడు రకాల పరిశోధనలకు ఇక్కడ అవసరం ఉంది. ఆ మూడింటికీ ఒకే సంస్థ సరిపోదు.

ఒకే ఊరు, మూడు ప్రశ్నలు

మొదటిది మలేరియా. 2020 జనవరిలో ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమం మొదలైంది. జ్వరం ఉన్నా లేకున్నా ఇంటింటికీ వెళ్లి రక్తపరీక్షలు చేశారు. పరాన్నజీవి బయటపడినవారిలో చాలామందికి జ్వరమే లేదు. అలాంటివారు ఆసుపత్రికి రారు, కానీ వారిని కుట్టిన దోమ వ్యాధిని ఇతరులకు చేరవేస్తుంది. ఆసుపత్రి రికార్డుల్లో కనిపించని ఈ భారాన్ని అంచనా వేయాలంటే ఎపిడెమియాలజీ, గణాంకశాస్త్రాల్లో గట్టి పునాది కావాలి. చెన్నైలోని ఐసీఎంఆర్ జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ, తిరువనంతపురంలోని శ్రీచిత్ర తిరునాళ్ సంస్థకు చెందిన అచ్యుత మీనన్ కేంద్రం ఇందుకు తగినవి.

రెండోది సికిల్ సెల్ వ్యాధి. 2047 నాటికి దీన్ని నిర్మూలించాలన్న లక్ష్యంతో 2023 జూలై 1న జాతీయ మిషన్ ప్రారంభమైంది. రక్తపరీక్ష చేసి కార్డు ఇవ్వడం తేలికే. ఆ కార్డు పెళ్లి సంబంధాలపై, ముఖ్యంగా ఆడపిల్లలపై ఎలాంటి ప్రభావం చూపుతుందో తెలుసుకోవడం కష్టం. అది సామాజిక శాస్త్ర ప్రశ్న. ఢిల్లీలోని జేఎన్‌యూ సామాజిక వైద్య కేంద్రం ఇటువంటి అంశాలకు పేరు పొందింది. జబల్‌పూర్‌లోని ఐసీఎంఆర్ సంస్థ గిరిజన ఆరోగ్యంపైనే పరిశోధిస్తుంది.

మూడోది గని ధూళి. ఖనిజ ధూళిలో సిలికా ఉంటే ఊపిరితిత్తులు దెబ్బతినడానికి ఏళ్లు పట్టవచ్చు. ఈలోగా కాంట్రాక్టు కార్మికుడు ఊరు మారిపోవచ్చు. ధూళిని కొలవడం, కార్మికులను ఏళ్ల తరబడి అనుసరించడం వృత్తి ఆరోగ్య శాస్త్రం పని. అహ్మదాబాద్‌లో ఇందుకు ప్రత్యేకంగా ఐసీఎంఆర్ సంస్థ ఉంది.

మార్గదర్శకుడిని అడగాల్సినవి

ప్రశ్న తేలాక చూడాల్సింది మార్గదర్శకుడిని. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 6 ఏళ్లు. ఒకే సమయంలో ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ 4 మందికి మించి మార్గదర్శకత్వం వహించకూడదు. అందుకే చేరకముందే ఇవి తెలుసుకోండి: ఆయన దగ్గర ఇప్పుడు ఎంతమంది ఉన్నారు? గత విద్యార్థులు ఎన్నేళ్లలో పూర్తిచేశారు? క్షేత్రపర్యటన ఖర్చు ఎవరు భరిస్తారు? ఆ విద్యార్థులతో నేరుగా మాట్లాడితే అసలు సంగతి తెలుస్తుంది.

డబ్బు సంగతీ ముఖ్యమే. జేఆర్‌ఎఫ్ సాధిస్తే 2023 నుంచి అమల్లో ఉన్న లెక్కన మొదటి రెండేళ్లు నెలకు రూ. 37,000 వస్తుంది. ఎస్టీ విద్యార్థులకు కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ప్రత్యేక ఫెలోషిప్ ఇస్తోంది. ఫెలోషిప్ లేకుండా చేరితే, దూరప్రాంతపు అంశాన్ని మధ్యలోనే వదిలేసి దగ్గర్లో దొరికే సమాచారంతో సరిపెట్టుకోవాల్సి రావచ్చు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం వంటి దగ్గరి సంస్థలో చేరినా, బస్తర్‌లో పనిచేసే సహ మార్గదర్శకుడు దొరికితే ఈ ఇబ్బంది కొంత తగ్గుతుంది.

పల్లెకు దక్కేదేమిటి?

నైతిక సంఘం అనుమతి లేకుండా ఇలాంటి అధ్యయనం మొదలుపెట్టకూడదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు గిరిజనుల విషయంలో అదనపు జాగ్రత్త కోరుతున్నాయి. సమ్మతి పత్రం హిందీలో ఉండి, సంతకం పెట్టేవారికి గోండి మాత్రమే వస్తే అది సమ్మతి కాదు. కాబట్టి భాష నేర్చుకోవడానికి, ఫలితాలను పల్లెకు తిరిగి వెళ్లి వివరించడానికి సమయం ఇచ్చే విభాగాన్ని ఎంచుకోండి. వేలిని గుచ్చి రక్తం తీసుకున్నప్పుడు, ఏం తేలిందో తెలుసుకునే హక్కు ఆ మనిషికి ఉంది.