డిగ్రీలో సైకాలజీ: మనసును కొలవడం నేర్పే చదువు

డిగ్రీలో సైకాలజీ తీసుకున్నామని చెప్పగానే విద్యార్థులకు తరచూ ఎదురయ్యే మాట ఒకటుంది: "అయితే నా మనసులో ఏముందో చెప్పు చూద్దాం!" ముఖం చూసి గుట్టు చెప్పే విద్య ఈ కోర్సులో ఏ సెమిస్టర్‌లోనూ ఉండదు. అవధానం, అభ్యసనం, స్మృతి, ఉద్వేగాలు, ప్రేరణ వంటి అంశాలతో చదువు మొదలవుతుంది. తర్వాత శిశు వికాసం, సాంఘిక మనోవిజ్ఞానం, మానసిక రుగ్మతలు వస్తాయి. వీటితోపాటు చాలామంది ఊహించని రెండు అంశాలు కూడా ఉంటాయి. అవి గణాంకశాస్త్రం, ప్రయోగశాల.

1879లో జర్మనీలోని లీప్‌జిగ్‌లో విల్‌హెల్మ్ వుంట్ నెలకొల్పిన ప్రయోగశాలతో ఆధునిక మనోవిజ్ఞానం మొదలైందని చెబుతారు. మన దేశంలో కలకత్తా విశ్వవిద్యాలయం 1916లో నరేంద్రనాథ్ సేన్‌గుప్తా ఆధ్వర్యంలో ఈ శాఖను ప్రారంభించింది. 1924లో మైసూరు విశ్వవిద్యాలయంలోనూ శాఖ ఏర్పడింది.

కళ్లు చేసే మోసం

ప్రాక్టికల్స్‌లో విద్యార్థులు ఇద్దరిద్దరుగా కూర్చుంటారు. ఒకరు ప్రయోక్త, మరొకరు ప్రయోజ్యుడు. మ్యుల్లర్-లయర్ భ్రమ ప్రయోగమే తీసుకుందాం. ఒక గీత చివర్లలో బాణం మొనలు లోపలికి, రెండో గీత చివర్లలో బయటికి తిరిగి ఉంటాయి. రెండు గీతలూ సమానమే అయినా, మొనలు బయటికి విచ్చుకున్న గీతే పొడవుగా కనిపిస్తుంది. ప్రయోజ్యుడు రెండో గీతను జరుపుతూ రెండూ సమానమనిపించిన చోట ఆపాలి. తేడా ఎన్ని మిల్లీమీటర్లో ప్రయోక్త నమోదు చేస్తాడు. కుడి నుంచి, ఎడమ నుంచి అనేకసార్లు ఇలా చేసి, సగటు దోషం లెక్కిస్తారు.

ఇక్కడ విద్యార్థి గమనించాల్సిన విషయం ఒకటుంది. గీతలు సమానమని ముందే తెలిసినా భ్రమ పోదు. అంటే మన అనుభవం ఎంత స్పష్టంగా ఉన్నా, దాన్నే రుజువుగా తీసుకోలేం, కొలిచి చూడాల్సిందే. అందరూ ఒకే మేరకు భ్రమపడతారా అన్నది తర్వాతి ప్రశ్న. 20వ శతాబ్దం తొలినాళ్లలో బ్రిటిష్ పరిశోధకుడు డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ నీలగిరుల్లోని తోడా ప్రజలతో ఈ ప్రయోగం చేశారు. ఆంగ్లేయులతో పోలిస్తే వారు తక్కువగా భ్రమపడినట్లు ఆయన గమనించారు. దీనికి కారణమేమిటన్న చర్చ శతాబ్దం దాటినా సాగుతూనే ఉంది.

పరీక్షలకు పనికొచ్చే పాఠం

స్మృతి గురించిన పాఠం 1885 నాటి హెర్మన్ ఎబింగ్‌హాస్ పరిశోధనతో మొదలవుతుంది. ఆయన అర్థం లేని అక్షరాల గుంపులను బట్టీపట్టి, ఎంత కాలానికి ఎంత మరచిపోతున్నారో తనమీదే పరీక్షించుకున్నారు. మరపు మొదటి కొన్ని గంటల్లో వేగంగా ఉండి, ఆపై నెమ్మదిస్తుందని తేలింది. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగం మరో మెట్టు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో మెరుగ్గా రాశారు. వారం తర్వాత మాత్రం, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకునే సాధన చేసినవారే ముందున్నారు.

బిహార్ భూకంపం చెప్పిన సంగతి

1934 జనవరి 15న బిహార్‌ను పెను భూకంపం కుదిపేసింది. ఆ తర్వాత పుట్టిన వదంతులను జమునా ప్రసాద్ సేకరించి విశ్లేషించారు. ప్రకంపనలు తెలిసినా నష్టం జరగని ప్రాంతాల్లో, ఇంకా ఘోరమైన విపత్తు రాబోతోందన్న పుకార్లు పుట్టాయి. భయపడిన జనం ఆ భయాన్ని పెంచే మాటలనే ఎందుకు నమ్మారన్న ప్రశ్న అమెరికా శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్‌ను ఆలోచింపజేసింది. అప్పటికే ఉన్న భయానికి ఆ పుకార్లు ఒక కారణం చూపించాయని ఆయన భావించారు. 1957లో ఆయన ప్రకటించిన సంజ్ఞానాత్మక వైరుధ్య సిద్ధాంతానికి ఈ పరిశీలన ఒక ప్రేరణ. ఫోన్లలో పుకార్లు తిరిగే ఈ రోజుల్లోనూ తరగతిలో చర్చించదగిన ఉదాహరణ ఇది.

పాఠ్యపుస్తకాన్నీ ప్రశ్నించాలి

2015లో అంతర్జాతీయ పరిశోధకుల బృందం ఒకటి, మనోవిజ్ఞాన పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసింది. గణాంకపరంగా నిలబడిన ఫలితాలు 36 శాతమే. అందుకే నమూనా ఎంత పెద్దది, ఎవరిని పరీక్షించారు, మరొకరు చేసినా అదే ఫలితం వచ్చిందా అని అడగడం ఇప్పుడు ఈ చదువులో భాగమైంది. పాల్గొనేవారి సమ్మతి తీసుకోవడం, వివరాలు గోప్యంగా ఉంచడం కూడా తప్పనిసరి.

డిగ్రీతో వైద్యం చేయవచ్చా?

చేయకూడదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే చట్టం నిర్దేశించిన ప్రత్యేక అర్హత, పర్యవేక్షణలో పొందిన శిక్షణ ఉండాలి. సాధారణ డిగ్రీ అందుకు చాలదు. కానీ అవసరం మాత్రం పెద్దది. నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో పెద్దవారిలో సుమారు 10.6 శాతం మంది మానసిక రుగ్మతలతో ఉన్నట్లు తేలింది. వారిలో అత్యధికులకు చికిత్స అందడం లేదు.

డిగ్రీ విద్యార్థి చేయగలిగింది మరొకటుంది. స్నేహితుడు రోజుల తరబడి నిద్రపోకపోయినా, అందరికీ దూరమవుతున్నా గుర్తించవచ్చు. "నీకు ఫలానా జబ్బు ఉంది" అని పేరు పెట్టకుండా చెప్పేది ఓపికగా వినవచ్చు. నిపుణుల దగ్గరికి వెంట వెళ్లవచ్చు. ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో 24 గంటలూ ఉచితంగా అందుబాటులో ఉంది.