మొదట తూటా, పిమ్మట తుపాకి

చేతి తుపాకులలో నేడు ప్రపంచమున విస్తారముగ వాడుకలోనున్న తూటా 9 మిల్లీమీటర్లది. మన దేశమున సామాన్య లైసెన్సుపై అది లభింపదు. సైన్యము వాడు తూటాలను పేల్చగల పిస్తోళ్లను, రివాల్వర్లను చట్టము నిషిద్ధ బోరులుగ నెంచినది. అందుచేతనే, ఇతర దేశములందు అంతగా వాడుకలేని .32 బోరు మనకు పరిచితమైనది. 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారము స్త్రీల కొరకని వెలువరించిన ‘నిర్భీక్’ రివాల్వరు కూడ ఈ బోరుదే.

అయితే .32 అను అంకెను మాత్రమే నమ్మి కొనరాదు. ఆ పేరుతో వేర్వేరు తూటాలు గలవు. 1896లో స్మిత్ అండ్ వెస్సన్ వారు రివాల్వరు కొరకు తెచ్చిన ‘లాంగు’ తూటాకు అడుగున వెడల్పైన అంచు ఉండును. సిలిండరు గదిలో తూటా లోనికి జారకుండ నిలుపునది ఆ అంచే. 1899లో బ్రౌనింగు పిస్తోలుతో వచ్చిన తూటా పొట్టిది. దాని అంచు మిక్కిలి చిన్నది. మేగజైనులో తూటాలు ఒకదానిపై నొకటి అమరవలెను గదా! ఒకదానికి బదులు వేరొకటి వాడుట ప్రమాదకరము. కావున గొట్టముపై చెక్కిన అక్షరములను, తూటా అడుగున గల ముద్రను సరిపోల్చి చూచుకొనవలెను.

అరుదైన బోరును కోరువారు వెల యడుగుటకు ముందు తూటాల మాట విచారింపవలెనని మా మనవి. లైసెన్సుపై కొనదగిన తూటాలకు పరిమితి యుండును. ఆ కొలదిపాటి తూటాలైనను చేరువలో దొరకనిచో అభ్యాసము సాగదు. అభ్యాసము లేని చేతిలోని ఆయుధము ఇంటికి రక్షణ కాదు. అదియే యొక అపాయము.