డబ్బాలో వచ్చిన పథ్యం

నంద్యాలలో డైట్ భోజనం... ఆళ్లగడ్డలో అమ్మ పెట్టిన పథ్యం... ఈ రెంటి మధ్య నలిగిన ఓ బాలింత నాలుగు వారాల అనుభవం ఇది. బరువు తగ్గిందా? తగ్గింది. ఎలా తగ్గిందన్నదే అసలు కథ!

హుక్కు పడలేదు.

చిన్నాన్న కూతురి పెళ్లికని బీరువాలోంచి పట్టుచీర తీశాను. జాకెట్టు లోపల టైలరు వదిలిన కుట్లు రెండు వైపులా విప్పాను. ఊపిరి బిగబట్టాను. ఊహూఁ... రెండు హుక్కులు పడ్డాయి, మూడోది పడలేదు. పక్కన మంచం మీద అయిదు నెలల పాప నన్నే చూస్తూ బోసినవ్వు నవ్వుతోంది. కారణం తనేనని దానికేం తెలుసు!

తూకం లెక్క దాచుకోకుండా చెప్పేస్తా. గర్భం రాకముందు 56 కిలోలు. తొమ్మిదో నెలలో 69. ఆరో వారం పరీక్షకు వెళ్లినప్పుడు 64. అయిదో నెలలో పుట్టింటి నుంచి అత్తగారింటికి వచ్చేసరికి 66! అంటే తగ్గాల్సింది పోయి పెరిగాను.

పుట్టిల్లు ఆళ్లగడ్డ. తొలి కాన్పు కాబట్టి అమ్మ దగ్గరే. శొంఠిపొడి, వెల్లుల్లి కారం, అన్నం ముద్ద మునిగేలా నెయ్యి, పొద్దునా రాత్రీ గ్లాసెడు పాలు. నడుముకు గుడ్డ బిగించి కట్టడం, సాంబ్రాణి పొగ. ‘పాలు పడాలంటే పట్టెడు ఎక్కువ తినాల’ అని అమ్మ కొసరి కొసరి వడ్డించేది. చంకన పాప, సంచిలో శొంఠిపొడి డబ్బా... అలా నంద్యాలకు తిరిగొచ్చాను. ప్రసూతి సెలవు ఇంకో నెలే మిగిలింది. ఆఫీసుకు పాత చుడీదార్లు వేసుకుని వెళ్లాలన్న పట్టుదల మొదలైంది.

పొద్దున ఎనిమిదికి... మధ్యాహ్నం పన్నెండున్నరకు

నంద్యాలలో క్యారియర్ భోజనం కొత్త కాదు. ఇల్లు వదిలి ఉద్యోగానికో చదువుకో వచ్చినవాళ్లు నెలవారీ క్యారియర్లు కట్టించుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. ‘బరువు తగ్గించే క్యారియర్’ మాత్రం నాకు కొత్త. తెలిసినామె ఫోన్ నంబరిస్తే మాట్లాడాను. నాలుగు వారాల పథకం. ఎత్తెంత, బరువెంత, ఎంతకు తగ్గాలి, శాకాహారమా మాంసాహారమా, పడని పదార్థాలేమైనా ఉన్నాయా... అన్నీ అడిగారు, అన్నీ చెప్పాను. మర్నాటి నుంచే డబ్బాలు మొదలయ్యాయి.

పొద్దున ఎనిమిదికి స్కూటీ మీద కుర్రాడొస్తాడు. మొలకెత్తిన పెసలు, నాలుగు బొప్పాయి ముక్కలు. మధ్యాహ్నం పన్నెండున్నరకు మళ్లీ వస్తాడు. కప్పు కొర్రన్నం, ఉడికించిన కూరగాయలు, పల్చటి మజ్జిగ. దాంతోపాటే రాత్రికి ఓ చిన్న జొన్నరొట్టె, సూపు. మూత మీద చీటీ... ‘రోజుకు 1200 కెలొరీలు’.

మొదటి వారం పండగే. తూకం ముల్లు 66 నుంచి 64.2కు దిగింది. మా ఆయనకు, అత్తమ్మకు, పక్కింటావిడకు కూడా చెప్పాను. అలా ఒక్కసారిగా దిగినదాంట్లో ఎక్కువ భాగం ఒంట్లోని నీరేనని, కొవ్వు కాదని తర్వాత తెలిసింది.

రెండో వారం రంగు మారింది. తగ్గింది 400 గ్రాములే. మధ్యాహ్నం మూడింటికల్లా కడుపులో మంట. అయినదానికీ కానిదానికీ మా ఆయన మీద విసుగు. పదో రోజు రాత్రి రెండింటికి పాప ఏడుస్తుంటే ఎత్తుకుని లేచాను. కళ్లు బైర్లు కమ్మాయి. ఒక చేత్తో పాపను గుండెలకు అదుముకుని, రెండో చెయ్యి గోడకు ఆనించి, అలాగే జారి నేల మీద కూర్చుండిపోయాను. పాపకేమీ కాలేదు. కానీ ఆ రాత్రి మళ్లీ నిద్ర పట్టలేదు. గోడ అందకపోయి ఉంటే?

అమ్మ అడిగిన ఒకే ఒక్క ప్రశ్న

ఆ ఆదివారం పాపను తీసుకుని ఆళ్లగడ్డ వెళ్లాను. కడప రోడ్డు మీద సుమారు 40 కిలోమీటర్లు. పథకం తప్పకూడదు కదా... పొద్దున వచ్చిన డబ్బా సంచిలోనే ఉంది.

గడపలో నన్ను చూడగానే అమ్మ ‘మొగమేందే ఇట్ల పీక్కపోయింది?’ అంది. భోజనాల వేళ నేను డబ్బా తెరిస్తే తొంగి చూసింది.

‘ఇదేందమ్మా... పిచ్చుకకు పెట్టినట్టుండాది. పాలు తాగే బిడ్డుందని చెప్పినావా వాళ్లకు?’

ముద్ద నోటి దగ్గరే ఆగిపోయింది. చెప్పలేదు. వాళ్లూ అడగలేదు! ఎత్తు, బరువు, ఇష్టాయిష్టాలు అన్నీ ఉన్న ఆ ప్రశ్నల జాబితాలో ‘బిడ్డకు పాలిస్తున్నారా?’ అన్న ఒక్క ప్రశ్నే లేదు.

లెక్క ఎక్కడ తప్పింది?

మర్నాడు నంద్యాలలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ కాగితం తీసుకుని వేసిన లెక్క ఇదీ...

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన సిఫార్సుల ప్రకారం, పెద్దగా శారీరక శ్రమ లేని 55 కిలోల మహిళకు రోజుకు 1660 కెలొరీలు కావాలి. బిడ్డకు పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు దీనికి అదనంగా మరో 600, ఆ తర్వాత ఏడాది నిండేదాకా 520. అంటే నాకు కావాల్సింది రోజుకు 2260. డబ్బాలో వచ్చేది 1200. తేడా వెయ్యికి పైనే!

అలాగని 2260 మొత్తం తినాల్సిందేనా? అక్కర్లేదట. గర్భంతో ఉన్నప్పుడు ఒళ్లు కొంత కొవ్వు దాచుకునేదే పాల కోసం. రోజుకు 400, 500 కెలొరీలు తగ్గించుకుంటే ఆ నిల్వ నెమ్మదిగా కరుగుతుంది. వారానికి అరకిలోకు మించకుండా తగ్గితే తల్లికీ బిడ్డకూ క్షేమం. తిండి తగ్గిన మర్నాడే పాలు ఇంకిపోవు. ముందు తన ఒంట్లోంచి తీసి అయినా శరీరం బిడ్డకు ఇస్తుంది. దెబ్బతినేది మొదట తల్లే. మరీ కడుపు మాడ్చుకుంటే పాలూ తగ్గుతాయి.

రక్తపరీక్షలో తేలిన మరో సంగతి... నాకు రక్తం తక్కువ. లావుగా ఉన్నవాళ్లకు రక్తహీనత ఏమిటనుకుంటాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం మంది ఉండాల్సినదానికన్నా ఎక్కువ బరువున్నారు. అదే వయసువారిలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటం వింతేం కాదు. అలాంటప్పుడు కొలిచేది తూకం ఒక్కటే అయితే ఎలా?

ఆసక్తికరమైన విషయం ఏంటంటే, అంగన్‌వాడీ లెక్కా ఇదే. పాలిచ్చే తల్లికి అందించే అదనపు పోషకాహారంలో రోజుకు 600 కెలొరీలు, 18-20 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని 2009లో సవరించిన నిబంధన చెప్పింది. కాన్పయ్యాక ఆరు నెలల వరకు ఆ ఆహారం తల్లి హక్కని 2013 నాటి ఆహార భద్రత చట్టం చెబుతోంది. అంటే ప్రభుత్వం ‘ఇంకొంచెం తినమ్మా’ అని ఇస్తున్న ఆ 600 కెలొరీలను నేను డబ్బులిచ్చి మరీ పోగొట్టుకున్నానన్నమాట!

అమ్మదీ పూర్తిగా ఒప్పు కాదు

ఈ మాట అమ్మకు ఫోన్ చేసి చెబితే ‘నేను ముందే చెప్పలే’ అని మురిసిపోయింది. అయితే డాక్టరమ్మ అమ్మకూ కొన్ని మార్కులు కోసేసింది. ‘పట్టెడు ఎక్కువ’ అన్నమాట నిజమే. ఆ పట్టెడు నెయ్యి, తెల్లన్నమే కానక్కర్లేదు. పచ్చి బాలింతని నీళ్లు కొద్దిగానే ఇవ్వడం, జలుబని పెరుగు, చలవని పండ్లు, ఆకుకూరలు మాన్పించడం తప్పు. పాలిచ్చే తల్లికి దాహం వేసినప్పుడల్లా నీళ్లు కావాలి. రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియమూ అవసరం. అది పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరల నుంచే రావాలి.

డబ్బా వాళ్ల కొర్రన్నం మాత్రం మంచిదే. మన సీమ తిండే అది. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం ‘సూర్యనంది’ లాంటి కొర్ర రకాలను రైతులకు అందించింది కూడా. కానీ కొర్రలు తింటే కెలొరీలు తగ్గిపోతాయన్నది భ్రమ. బియ్యానికీ కొర్రలకూ ఆ లెక్కలో తేడా స్వల్పమే. కొర్రల్లో పీచు ఎక్కువ, త్వరగా ఆకలి కాదు... లాభం అదీ. ఇక రాగుల్లో 100 గ్రాములకు సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం. మన సంగటి ముద్ద విలువ మనకే తెలియదు!

మొదలుపెట్టిందీ ఓ తల్లే

బరువు తగ్గించే తిండిని ప్యాకెట్లలో అమ్మే వ్యాపారం పాశ్చాత్య దేశాల్లో పాతదే. వాటిలో పేరుమోసిన ‘జెనీ క్రెయిగ్’ 1983లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో మొదలైంది. ఆ పేరుగల అమెరికా మహిళ, రెండో కాన్పుకు పెరిగిన బరువుతో తాను పడిన పాట్ల నుంచే ఈ దారి పట్టింది. నలభై ఏళ్లు నడిచాక 2023లో ఆ సంస్థ తన కేంద్రాలను మూసేసింది. కానీ పుట్టుకకు మూలమైన బాధ అలాగే ఉంది... బిడ్డ పుట్టాక అద్దం ముందు నిలబడిన ఆడదాని దిగులు. మెల్‌బోర్న్ అయినా నంద్యాల అయినా అది ఒక్కటే.

డబ్బా మారింది

మూడో వారం డైట్ క్యారియర్ ఆవిడకు ఫోన్ చేశాను. పాలిస్తున్న సంగతి, డాక్టరమ్మ లెక్క చెప్పాను. ఆవిడ నొచ్చుకుంది. ‘ముందే చెప్పాల్సిందమ్మా’ అంది. ‘ముందే అడగాల్సిందమ్మా’ అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

కొత్త డబ్బాలో పొద్దున రాగి దోసె, గుడ్డు. మధ్యాహ్నం కొర్రన్నంతోపాటు గట్టి పప్పు, గోంగూరో తోటకూరో, కప్పు పెరుగు. సాయంత్రం గుప్పెడు వేయించిన వేరుశనగలు, ఒక పండు. రాత్రికి రెండు జొన్నరొట్టెలు, కూర. మొత్తం 1800 కెలొరీల చుట్టుపక్కల. డాక్టరమ్మ రాసిన ఇనుము మాత్రలు, సాయంత్రం పాపను ఎత్తుకుని అరగంట నడక అదనం.

మూడో వారం ముల్లు అరకిలో పైకెక్కింది. గుండె గుభేలుమంది. నాలుగో వారం మళ్లీ 63.9కు దిగింది. నాలుగు వారాల్లో మొత్తం రెండు కిలోల చిల్లర... అంతే. కానీ కళ్లు తిరగడం పోయింది. మూడింటి మంట పోయింది. మా ఆయన కూడా ఊపిరి పీల్చుకున్నాడు!

మీరూ కట్టించుకోవాలనుకుంటే...

* పాలిస్తున్న సంగతి, బిడ్డ వయసు ముందే చెప్పండి. అడగని చోట మరీ గట్టిగా చెప్పండి.
* ఆరో వారం పరీక్ష అయ్యేదాకా బరువు మాట తలపెట్టకండి. గర్భసంచి మామూలు స్థితికి రావడానికే ఆరు వారాలు పడుతుంది.
* రక్తం, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. కాన్పు తర్వాత థైరాయిడ్ తేడా వల్ల కూడా బరువు మారుతుంది.
* ‘నెలకు పది కిలోలు’ అనేవాళ్ల గడప తొక్కకండి.
* సిజేరియన్ అయినవాళ్లు పొట్ట వ్యాయామాలు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. 2019-21 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ప్రతి 100 కాన్పుల్లో 42 సిజేరియన్లే.
* దిగులు, ఏడుపు, నిద్రలేమి రెండు వారాలకు మించి ఉంటే అది బరువు సమస్య కాదు. వెంటనే డాక్టరుకు చెప్పండి.

పన్నెండున్నరకు తలుపు చప్పుడు

పథకం ముగిశాక లెక్క చూసుకుంటే నాకు మేలు చేసింది మూత మీది కెలొరీల చీటీ కాదనిపించింది. అంతకుముందు నా మధ్యాహ్న భోజనం ఎప్పుడో తెలుసా? పాప పడుకుంటే రెండింటికి, లేకపోతే నాలుగింటికి. వంటింట్లో నిలబడి, చల్లారిన అన్నం, చేతికందిన నాలుగు బిస్కెట్లు. డబ్బా వచ్చినన్నాళ్లు పన్నెండున్నరకు తలుపు చప్పుడయ్యేది. అత్తమ్మ ‘తినమ్మా, పాప నా దగ్గరుంటుందిలే’ అని ఎత్తుకునేది. వేరే చేతులు వండిన వేడి తిండి, కూర్చుని, నింపాదిగా తినడం... బాలింతకు అంతకన్నా పథ్యం ఏముంటుంది?

ఈ మాటే అంటే అమ్మ నవ్వింది. నేను పుట్టినప్పుడు అమ్మ కాన్పు నంద్యాల ఆసుపత్రిలో. అమ్మమ్మ తెల్లవారుజామునే లేచి వండి, నాలుగు గిన్నెల క్యారియర్ సర్ది, ఆళ్లగడ్డలో తొలి బస్సెక్కించేదట. ఇక్కడ తాతయ్య బస్టాండులో దించుకునేవాడు. వారం రోజులు అలాగే. ‘మీ డబ్బా కుర్రోడు ఇప్పుడొచ్చినాడు. మాకెప్పుడో ఉండె’ అంది అమ్మ.

ఇప్పుడు పాపకు తొమ్మిదో నెల. నేను ఆఫీసుకు వెళ్తున్నాను. మధ్యాహ్నం డబ్బా ఒక్కటే ఉంచుకున్నాను, ఆఫీసుకే వస్తుంది. తూకం 60.5. పాత లెక్కకు ఇంకా నాలుగున్నర కిలోలు దూరం. తగ్గితే తగ్గుతాయి, తొందరేం లేదు.

మొన్న ఆదివారం ఆ పట్టు జాకెట్టు బయటికి తీశాను. హుక్కు పడుతుందో లేదో చూడలేదు. మిగిలిన గుడ్డ ముక్క పట్టుకుని టైలరు దగ్గరికెళ్లి, కొత్త కొలతలిచ్చి వచ్చాను.