గుట్టు ఎవరి కోసం?

మధ్యాహ్నం రెండు గంటలు. వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాలుద్దామనుకుంటుండగా నాకు బాగా తెలిసినావిడ వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. మంచినీళ్లిచ్చినా తాగలేదు.

"వదినా, ఒక మాట చెబుతాను. మీ కడుపులోనే ఉంచుకోవాలి" అంది.

వాళ్ల పాప పది రోజులుగా ట్యూషన్‌కు వెళ్లనని మొండికేస్తోందట. తిట్టినా, బుజ్జగించినా నోరు విప్పలేదు. చివరికి ముందురోజు రాత్రి అమ్మ పక్కన పడుకుని చెప్పింది. మాస్టారు ఫోన్‌లో తన ఫొటోలు తీశాడట. తీయకూడని ఫొటోలు. ఎవరికైనా చెబితే అందరికీ పంపిస్తానన్నాడట.

"నలుగురికీ తెలిస్తే రేపు దానికి పెళ్లెలా అవుతుంది? ట్యూషన్ మానిపించేస్తే సరిపోతుంది కదా" అంది కళ్లొత్తుకుంటూ.

ఇంటి గుట్టు లంకకు చేటు అని చిన్నప్పటినుంచీ విన్నాం. కానీ ఈ గుట్టు కాపాడుతున్నది ఎవరిని? పాపనా, ఆ మాస్టారినా? మన పిల్ల మానేసినా, రేపు సాయంత్రం ఆ గుమ్మం తొక్కే మిగతా పిల్లల మాటేమిటి?

చెప్పడం వేరు, చాటింపు వేయడం వేరు. ఈ తేడా మనకంటే చట్టానికే బాగా తెలుసు!

చెబితే ఏమవుతుంది?

2012 నవంబరు 14న, బాలల దినోత్సవం నాడు, పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని అనుమానం వచ్చినా పోలీసులకు చెప్పి తీరాలంటుంది ఆ చట్టం. తెలిసీ చెప్పని పెద్దవాళ్లకు ఆరు నెలల వరకూ జైలు శిక్ష పడవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద మాత్రం ఏ కేసూ ఉండదు.

పోలీసులు 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితికీ, ప్రత్యేక కోర్టుకీ తెలియజేయాలి. పాపను స్టేషన్‌కు తిప్పక్కర్లేదు. ఇంటి దగ్గరే, వీలైనంతవరకూ మహిళా ఎస్సై, యూనిఫాం లేకుండా వచ్చి మాట్లాడాలి. ఆడపిల్లయితే వైద్య పరీక్ష లేడీ డాక్టరే చేయాలి. పాప పేరు, ఊరు, బడి, ఫొటో పత్రికల్లో రాకూడదు. అందుకే నేనూ ఇక్కడ కొన్ని వివరాలు మార్చే రాస్తున్నాను. అంటే, విషయం తెలియాల్సిన నలుగురికే తెలుస్తుందన్నమాట. మనం భయపడే 'నలుగురు' వీళ్లు కాదు.

మరి ఆ ఫొటోలు?

ఆవిడ భయమంతా దీని గురించే. నెట్‌లోకి ఎక్కితే ఇక ఎవరాపగలరని! ఆపేందుకూ ఒక ఏర్పాటుంది. ఇలాంటి ఫొటోలు తమ దృష్టికి వస్తే అమెరికాలోని ఇంటర్నెట్ కంపెనీలు అక్కడి 'తప్పిపోయిన, దోపిడీకి గురైన పిల్లల జాతీయ కేంద్రం'కు తెలియజేయాలి. 2019లో మన జాతీయ నేర రికార్డుల సంస్థ ఆ కేంద్రంతో ఒప్పందం చేసుకుంది. అలా మన దేశానికి సంబంధించిన సమాచారం ఢిల్లీ మీదుగా రాష్ట్రాల పోలీసులకు చేరుతోంది. ఎక్కడో సముద్రాల అవతల దొరికిన ఆచూకీతో ఇక్కడ మన ఊళ్లో తలుపు తట్టవచ్చన్నమాట.

ఫొటో మన దగ్గరే ఉంటే ఆ కేంద్రం నడిపే 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మన ఫోన్ దాటి పోదు. దానికి వేలిముద్రలాంటి ఒక అంకె మాత్రమే వెళుతుంది. అందులో చేరిన కంపెనీలు ఆ అంకెను బట్టి ఫొటోను వెతికి తీసేస్తాయి. చూశారా, గుట్టు బయటపెట్టకుండానే సమాచారం ఇవ్వొచ్చు!

మనం చేసే పొరపాటు మరొకటుంది. ఎవరో పంపిన అలాంటి వీడియోను "పాపం, చూడండి" అంటూ గ్రూపులో మళ్లీ పంపడం. ఉద్దేశం మంచిదే కావచ్చు. అయినా అదీ నేరమే. అది చేరాల్సింది పోలీసులకు, మన వదినలకూ పిన్నులకూ కాదు.

ఆ సాయంత్రం 1098కి ఫోన్ చేశాం. పిల్లల కోసం రాత్రీ పగలూ పనిచేసే నంబరది. డబ్బు కట్టక్కర్లేదు. మాట్లాడింది ఆవిడే, నేను పక్కన కూర్చున్నానంతే. మర్నాడు మామూలు చీరల్లో ఇద్దరు ఆడవాళ్లు వాళ్లింటికి వచ్చారు. ఆవిడ కాఫీ ఇచ్చింది. పాప మొదట తలుపు చాటునే నిలబడింది, తరువాత వచ్చి కూర్చుంది. ఆయన కూడా తిట్టలేదు సుమా! పాప తల మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు.

కేసు నడుస్తోంది. ఆ ట్యూషన్ మూతపడింది. వీధిలోవాళ్లు మాత్రం ఆ రోజు ఎవరో చుట్టాలొచ్చారనే ఇప్పటికీ అనుకుంటున్నారు.

రేపు మీ పాపో, బాబో "అమ్మా, ఎవరికీ చెప్పకు" అంటే కంగారుపడి మాట ఇచ్చేయకండి. "సాయం చేసేవాళ్లకే చెబుతాను" అనండి.