కావలికుక్కకు పడని తిండి

కళ్లము కాచెడి కుక్క యెడతెగక గోకికొనుచు, పాదములు నాకికొనుచు, చెవులు విదిలించుచున్నచో గజ్జికుక్క యని తరిమివేయు రైతులు కలరు. అట్లు చేయవలదని మేము కోరుచున్నాము. మొదట గోమారులును గజ్జియు లేవని పశువైద్యునిచే తెలిసికొనవలెను. అవి లేకయే యేడాది పొడుగున దురద యున్నచో తిండిని శంకింపవలెను. గొడ్డుమాంసము, పాలు, పెరుగు, కోడిమాంసము, గోధుమ తరచుగా పడనివి. దినదినము పెట్టెడి పెరుగన్నమును మాత్ర మెవ్వ రనుమానింతురు!

నెత్తుటిపరీక్షలు దీనికి నమ్మదగినవి కావు. కుక్క మున్నెన్నడును తినని మాంస మొకటి, ధాన్య మొకటి యెంచి 8 వారములు అవియే పెట్టవలెను. వరియన్నముతో పెరిగినదానికి ముండ్లు తీసి యుడికించిన చేపయు, రాగిసంకటియు చాలును. ఉప్పు, కారము వలదు. ఉల్లి కుక్క నెత్తురును చెరచును. కష్టమంతయు పిల్లలతోడనే. వారు విసరిన రొట్టెముక్క యొక్కటి చాలు, పరీక్ష చెడును. ఇరుగుపొరుగువారికి సైతము చెప్పి, ఆ దినములలో కుక్కను కట్టియుంచుట మేలు.

దురద తగ్గినపిదప పాతతిండిని ఒక్కొక్కటిగా మరల పెట్టి చూడవలెను. ఏది పెట్టినపుడు 2 వారములలో దురద తిరిగివచ్చునో అదియే పడనిది. చేపసంకటిలో సున్నపుసత్తువ చాలదు గనుక, దానినే నిలుపదలచినవారు వైద్యు నడిగి కొలత తెలిసికొనవలెను.