సామాజిక మాధ్యమములు – గ్రామ బ్లాగు

పూర్వము గ్రామములో ముఖ్యమైన విషయమును ప్రజలకు తెలియజేయవలసి వచ్చినపుడు దండోరా వేయించెడివారు. డప్పు కొట్టు మనిషి ఎవరో, అతడు ఎవరి ఉత్తరువుపై వచ్చినాడో ఊరివారందరికి తెలిసియుండెడిది. చాటింపులో పొరపాటు దొర్లినచో మరునాడు మరల చాటింపు వేయించి సరిదిద్దుకొనుటకు వీలుండెడిది. నేడు ఆ పనిలో అధికభాగమును స్మార్టు ఫోను చేయుచున్నది. గ్రామసభ తేదీ, మంచినీటి సరఫరా వేళలు, ఎరువుల రాక, ఆరోగ్య శిబిరము మున్నగు వార్తలు వాట్సాప్ గ్రూపుల ద్వారా క్షణములో ఇంటింటికి చేరుచున్నవి. ఈ సౌకర్యము మెచ్చదగినదే. కాని అదే త్రోవను అసత్యవార్తలును ఊరిలోనికి ప్రవేశించుచున్నవి. వాటిని ఎవరు పుట్టించిరో, అవి ఎచ్చటినుండి బయలుదేరినవో తెలిసికొనుట కష్టము.

ఫేస్‌బుక్, వాట్సాప్, యూట్యూబ్ వంటి సామాజిక మాధ్యమముల వలన కలుగు కీడులేవి? పంచాయతీ తన వార్తలను నిలుకడగా వ్రాసి యుంచుకొనుటకు బ్లాగు ఎట్లు ఉపకరించును? అందులకు కావలసిన సాధనములేవి? ఈ విషయములను పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

వదంతి చేసిన ఘోరము

మహారాష్ట్రలోని ధులే జిల్లాలో రైన్‌పాడా అను గ్రామము కలదు. 2018 జులై 1వ తేదీన, సంత జరుగు ఆదివారమునాడు, భిక్షాటన చేసికొని జీవించు సంచార జాతికి చెందిన ఐదుగురు మనుష్యులు ఆ గ్రామమునకు వచ్చిరి. పిల్లలను ఎత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవని ఆ ప్రాంతమున అప్పటికే ఫోనులలో వదంతులు వ్యాపించియుండెను. జనులు గుంపుగా మూగి, ఆ ఐదుగురిని గ్రామ పంచాయతీ కార్యాలయపు గదిలోనికి ఈడ్చి, అచ్చటనే కొట్టి చంపివేసిరి. ఊరికి న్యాయము చెప్పవలసిన చోటనే ఈ దారుణము జరిగెను.

అదే నెల 13వ తేదీన కర్ణాటకలోని బీదరు జిల్లాలో ఇట్టిదే మరియొకటి జరిగెను. హైదరాబాదు నుండి కొందరు మిత్రులు కారులో పోవుచు, దారిలో కనబడిన పిల్లలకు చాక్లెట్లు పంచిరి. చూచినవారు అనుమానించి వివాదమునకు దిగిరి. కారు ముందునకు సాగులోపలనే వార్త ఫోనుల ద్వారా తరువాతి గ్రామమైన ముర్కికి చేరెను. అచ్చటివారు దారికి అడ్డముగా దుంగ వేసిరి. ఆ మిత్రులలో ఒక యువకుడు జనుల దెబ్బలకు ప్రాణములు కోల్పోయెను.

ఆ నెలలలో దేశమంతట తిరిగిన వీడియోలలో ఒకదానిని పరిశీలించినచో ఈ వదంతుల స్వరూపము బోధపడగలదు. అందులో మోటారు సైకిలుపై వచ్చిన మనుష్యులు వీధిలో ఆడుకొను పిల్లవానిని ఎత్తుకొనిపోవుదురు. వాస్తవమునకు అది పాకిస్తానులోని కరాచీలో, బాలల రక్షణను గూర్చి ప్రజలకు బోధించుటకు తీసిన చిత్రము. పిల్లవానిని తిరిగి తెచ్చి దించివేసి, హెచ్చరిక అట్టను చూపు భాగము చివరను కలదు. ఎవరో ఆ చివరి భాగమును కత్తిరించి, మిగిలినదానిని నిజముగా జరిగిన ఘటనవలె ప్రచారము చేసిరి. ఈ దృశ్యమును చూచిన తల్లిదండ్రులు భయపడుటలో ఆశ్చర్యము లేదు.

గద్వాలలో చేసిన కృషి

అదే సంవత్సరము తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాకును ఈ వదంతులు ప్రాకెను. అప్పటి జిల్లా పోలీసు సూపరింటెండెంటు శ్రీమతి రెమా రాజేశ్వరి పోలీసు ఉద్యోగులను గ్రామములకు పంపి, వారు ప్రజలతో తరచుగా కలిసి మాట్లాడునట్లు ఏర్పాటు చేసిరి. డప్పుల మ్రోతతో, జానపద గేయములతో పోలీసు కళాకారులు ఊరూర తిరిగి, ఫోనులో వచ్చిన ప్రతి వార్తను నమ్మరాదని బోధించిరి. అనుమానము కలిగినపుడు ఎవరికి ఫోను చేయవలెనో జనులకు తెలిసియుండుటచే వారు తొందరపడి చేయి చేసికొనలేదు. తెలిసిన మనిషి చెప్పిన మాటకు గ్రామములో ఎంత విలువ కలదో ఇందువలన స్పష్టమగుచున్నది. పంచాయతీ సభ్యుడు అట్టి తెలిసిన మనిషియే.

అసత్యమునకు వేగము ఎక్కువ

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పరిశోధకులు 2018లో ‘సైన్సు’ పత్రికయందు ఒక పరిశీలనను ప్రకటించిరి. 2006 నుండి 2017 వరకు ట్విట్టరులో వ్యాపించిన సుమారు 1,26,000 వార్తలను వారు పరీక్షించిరి. సత్యవార్తకంటె అసత్యవార్తను జనులు ఇతరులకు పంపు అవకాశము 70 శాతము అధికమని, 1500 మందికి చేరుటకు సత్యమునకు అసత్యముకంటె సుమారు ఆరు రెట్లు ఎక్కువ కాలము పట్టినదని తేలినది. ఇందులకు ప్రధాన కారణము యంత్రములు కావని, వింతను చూచి ఇతరులకు చెప్పవలెనను మనుష్యుల ఆతురతయే యని వారు తెలిపిరి.

ఈ ఆతురతకు మాధ్యమముల వ్యాపారపద్ధతియు తోడగుచున్నది. ఫేస్‌బుక్, యూట్యూబ్ వంటి వాటికి ముఖ్యమైన రాబడి ప్రకటనల వలన వచ్చును. మనము ఎంత ఎక్కువసేపు తెరను చూచిన వారికి అంత లాభము. కావున మనకు కోపము, భయము, ఆశ్చర్యము కలిగించునవి ముందుగా కనబడుట సంభవించును. చెరువుకట్ట మరమ్మతు లెక్క ఎంత ముఖ్యమైనదైనను అట్టి పోటీలో వెనుకబడిపోవును.

ఇతర నష్టములు

ప్రాణాపాయము అరుదు. కాని నిత్యము కలుగు నష్టములు అనేకము. ప్రభుత్వ పథకము పేరుతో వచ్చు దొంగ లింకులను నొక్కి, ఓ.టి.పి. చెప్పి, బ్యాంకులోని సొమ్మును పోగొట్టుకొనుచున్నవారు కలరు. అట్లు జరిగిన వెంటనే 1930 అను నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవలెను. ఆలస్యమైన కొలది సొమ్ము తిరిగి దొరకు అవకాశము తగ్గును. స్త్రీల ఛాయాచిత్రములను దుర్వినియోగము చేయుట, కులముల మధ్య మాటలు పెంచుట, విద్యార్థుల నిద్రను, చదువును హరించుట మున్నగునవియు ఇందు చేరును.

పంచాయతీ విషయమున మరియొక నష్టము కలదు. గ్రూపులోని సమాచారము ప్రవాహము వంటిది. నిన్న పెట్టిన గ్రామసభ నోటీసు నేడు నూరు శుభాకాంక్షల క్రింద మునిగిపోవును. ఆరు నెలల తరువాత ఒక తీర్మానమును వెదకవలెనన్న దొరకదు. సర్పంచి మారినచో పాత గ్రూపు మూలబడి క్రొత్త గ్రూపు పుట్టును. స్మార్టు ఫోను లేని వృద్ధులకు, కూలివారికి, పలువురు స్త్రీలకు ఆ సమాచారము చేరనే చేరదు.

సంస్థలే మూతపడుటయు కలదు. మన దేశమున లక్షలాది యువకులు వాడిన ఆర్కుట్ 2004లో ప్రారంభమై 2014 సెప్టెంబరు 30వ తేదీన మూతపడెను. గూగుల్ ప్లస్ 2019లో మూతపడెను. ముందుగా భద్రపరచుకొనని వారి వ్రాతలు, చిత్రములు వాటితోపాటు పోయినవి.

బ్లాగు ఎందులకు?

బ్లాగు అనగా తేదీల వరుసలో వ్యాసములను, ప్రకటనలను ప్రచురించు వెబ్ పుట. ప్రతి ప్రకటనకు ఒక స్థిరమైన చిరునామా ఉండును. ఎవరు వ్రాసినది, ఎప్పుడు వ్రాసినది అందు కనబడును. పేరు పెట్టి వెదకిన పాత విషయము దొరకును. తప్పు దొర్లినచో అదే పుటలో తేదీ వేసి సవరణ చేయవచ్చును. గ్రూపులో పంపిన వాక్యమును దారిలో ఎవరైనను మార్చి పంపవచ్చును. కాని అసలు ప్రతి బ్లాగులో ఉన్నందున సందేహము కలిగినవారు పోల్చి చూచుకొనగలరు.

కావున గ్రూపులను పూర్తిగా మానివేయనక్కరలేదు. విషయమును బ్లాగులో వ్రాసి, గ్రూపులో దాని చిరునామాను మాత్రము పంపుట మంచి పద్ధతి. నిర్వాహకులు మాత్రమే సందేశములు పంపునట్లు ఏర్పాటు చేసికొను వీలు వాట్సాప్‌లో కలదు. పంచాయతీ ప్రకటనల గ్రూపునకు అట్టి కట్టుబాటు అవసరము.

సమాచార హక్కు చట్టము, 2005లోని 4వ సెక్షను ప్రకారము ప్రభుత్వ సంస్థలు ఎవరును అడుగకముందే తమ సమాచారమును ప్రజలకు వెల్లడింపవలసి యున్నది. పంచాయతీల ప్రణాళికలు, జమాఖర్చులు 2020లో ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటులో నమోదగుచున్నవి. అందలి అంకెలను ఊరివారికి అర్థమగునట్లు తేట తెలుగులో వివరించుటకు బ్లాగు తగిన స్థలము.

బ్లాగునకు కావలసిన సాధనములు

స్థలము: గూగుల్ వారి బ్లాగర్, వర్డ్‌ప్రెస్ అను రెండును ప్రసిద్ధమైనవి. రెండింటిలోను రుసుము లేకుండ బ్లాగు ప్రారంభింపవచ్చును. బ్లాగును ఒక వ్యక్తి సొంత ఖాతాతో కాక, పంచాయతీ పేరున ఏర్పరచిన ఖాతాతో తెరువవలెను. పదవీకాలము ముగిసినపుడు ఖాతాను తరువాతివారికి అప్పగించి, ఆ విషయమును రికార్డులలో వ్రాయవలెను.

తెలుగు వ్రాత: తెలుగు అక్షరములను యూనికోడ్ పద్ధతిలో వ్రాయుట అత్యవసరము. అచ్చుపనికి వాడు అను ఫాంటులలోని వ్రాతను ఉన్నదున్నట్లు బ్లాగులో పెట్టినచో అక్షరములు కనబడవు, వెదకినను దొరకవు. దానిని యూనికోడ్‌లోనికి మార్చు సాధనములు కలవు. కంప్యూటరుపై వ్రాయువారికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ఇంగ్లీషు అక్షరములు కొట్టి తెలుగు పొందగోరువారికి లేఖిని ఉపకరించును. ఫోనులో గూగుల్ కీబోర్డునందు నోటితో చెప్పినను తెలుగు అక్షరములు పడును. అట్లు పడినదానిని ఒకసారి చదివి, తప్పులు దిద్ది, తరువాతనే ప్రకటింపవలెను.

చిత్రపరీక్ష: అనుమానాస్పదమైన ఛాయాచిత్రమును గూగుల్ లెన్స్‌లోగాని టిన్‌ఐలోగాని పెట్టి వెదకినచో, అది ఇంతకుముందు ఎచ్చట, ఎప్పుడు ప్రచురింపబడినదో అనేక పర్యాయములు తెలియును. వీడియోనుండి ఒక దృశ్యమును చిత్రముగా తీసి ఇట్లే వెదకవచ్చును. కేంద్రప్రభుత్వమును గూర్చిన వార్తల నిజానిజములను పి.ఐ.బి. ఫ్యాక్ట్ చెక్ విభాగము ప్రకటించుచుండును. హైదరాబాదులోని ఫ్యాక్ట్‌లీ సంస్థ ఇట్టి పరిశీలనలను తెలుగులోను ప్రచురించుచున్నది.

చిత్రముల హక్కులు: ఇతరుల చిత్రములను అనుమతి లేక వాడరాదు. వికీమీడియా కామన్స్‌లో స్వేచ్ఛగా వాడుకొనదగిన చిత్రములు లక్షలకొలది కలవు. తీసినవారి పేరును, షరతును పేర్కొనిన చాలును. ఊరి గుడి, చెరువు, బడి చిత్రములను మన యువకులే తీసి అందు చేర్చినచో ఇతరులకును ఉపయోగపడును.

భద్రత: ఖాతాకు రెండంచెల ధ్రువీకరణ పెట్టుకొనవలెను. లబ్ధిదారుల ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు, ఫోను నంబరు బ్లాగులో ప్రకటింపరాదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో ప్రత్యేక చట్టము చేయబడినది.

నిలువ: ఆర్కుట్‌కు పట్టిన గతి బ్లాగులకును పట్టవచ్చును. బ్లాగర్‌లోను, వర్డ్‌ప్రెస్‌లోను మొత్తము వ్రాతలను ఒక ఫైలుగా దింపుకొను వీలు కలదు. మూడు నెలలకొకసారి అట్లు దింపి కార్యాలయములో భద్రపరచవలెను. ముఖ్యమైన పుటలను ఇంటర్నెట్ ఆర్కైవ్ అను ఉచిత గ్రంథాలయములోను చేర్పింపవచ్చును. 1996లో స్థాపింపబడిన ఆ సంస్థ వెబ్ పుటల ప్రతులను దాచుచున్నది.

సభ్యులు పాటింపవలసినవి

బ్లాగు గ్రామసభకు ప్రత్యామ్నాయము కాదు. చట్టము కోరు నోటీసు, తీర్మానపు పుస్తకము, సంతకములు ఎప్పటివలె ఉండవలెను. ప్రతి ప్రకటనను ముద్రించి నోటీసు బోర్డుపై అంటించవలెను. ఫోను లేనివారి కొరకు దండోరాయు వేయింపవలెను. ఇద్దరు సభ్యులును, కార్యదర్శియు చదివి అంగీకరించిన పిదపనే ఏ వార్తనైనను ప్రకటించుట క్షేమము.

ఊరిలో వదంతి పుట్టినపుడు సభ్యుని బాధ్యత హెచ్చును. ముందుగా దానిని తాను ఇతరులకు పంపరాదు. పంపినవారిని ‘నీకెవరు చెప్పిరి, నీవు చూచితివా’ అని అడుగవలెను. పోలీసు స్టేషనుకు ఫోను చేసి విచారించి, తెలిసిన నిజమును బ్లాగులో వ్రాసి, దాని చిరునామాను గ్రూపునకు పంపి, వాడవాడలా చాటింపు వేయింపవలెను. భయము పుట్టించు అసత్యములను ప్రచారము చేయుట, 2024 జులై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 353వ సెక్షను క్రింద శిక్షార్హమైన నేరము కాగలదని యువకులకు తెలుపవలెను.

పరాయి ఊరినుండి వచ్చిన బిచ్చగాడు, బట్టలమ్మువాడు, దారి తప్పిన మతిస్థిమితము లేని మనిషి – వదంతి వ్యాపించినపుడు మొదట ఆపదలో పడునది వీరే. ఎవరినైన జనులు చుట్టుముట్టినచో సభ్యుడు వెంటనే అచ్చటికి పోయి, పోలీసులు వచ్చువరకు వారికి అండగా నిలువవలెను. పంచాయతీ కార్యాలయపు తలుపులు వారికి రక్షణ నిచ్చుటకు తెరువబడవలెను.